సిగరెట్ మానేశాక ఆరు కేజీలు పెరిగాను, మళ్ళీ రెండు కాల్చమంటున్నారు డాక్టర్ గారూ

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 46 ఏళ్ళండి, పాలకొల్లు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాను. ఇరవై ఏళ్ళుగా రోజుకి 20 సిగరెట్లు కాల్చేవాడిని, 5 నెలల క్రితం పూర్తిగా మానేశాను. అప్పుడు 74 కేజీలు, ఇప్పుడు 80. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి నమలాలనిపిస్తోంది, జేబులో పిప్పరమెంట్లు, చెరువు దగ్గర షెడ్డులో జంతికలు, టీ అయితే రోజుకి ఏడెనిమిది సార్లు. రోజుకి రెండు సిగరెట్లు కాలిస్తే బరువు అదే దిగుతుంది అంటున్నారు ఫ్రెండ్స్. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యమంటారు?

డాక్టర్ సలహా: నమస్తే అండి. ముందు ఆఖరి మాటకి జవాబు చెప్పేస్తాను, మీ ఆవిడ గారి మాటే వినండి. ఇరవై ఏళ్ళ అలవాటుని 5 నెలలు దూరం పెట్టడం చాలా పెద్ద పని, అది చేసేశారు, దాన్ని ఈ ఆరు కేజీల కోసం వదులుకోవద్దు. రెండే కదా అని మీ వాళ్ళు అంటున్నారు గానీ గుండె విషయంలో ఆ లెక్క పనిచెయ్యదండి, రోజుకి 20 కాల్చేవాళ్ళకి గుండెపోటు ముప్పు ఎంత పెరుగుతుందో రోజుకి ఒక్కటి కాల్చినా అందులో దాదాపు సగం ఉంటుందని పరిశోధనల్లో తేలింది, ఇరవయ్యో వంతు కాదు. పైగా మీకు బీపీ ఉంది. ఇక ఆ రెండు రెండుగానే ఉంటాయా అంటే, నేను చూసినంతలో నెల తిరక్కుండానే మళ్ళీ ప్యాకెట్ దాకా వెళ్ళిపోతాయి.

బరువెందుకు పెరిగిందంటే, సిగరెట్‌లో ఉండే నికోటిన్ రెండు పనులు చేస్తుంది. ఆకలిని అణిచేస్తుంది, ఇంకోపక్క గుండెని ఒంటినీ పరిగెత్తించి ఊరికే కూర్చున్నా కొంచెం ఎక్కువ శక్తి ఖర్చు చేయిస్తుంది, మీలా రోజుకి 20 కాల్చేవాళ్ళకి అది రోజుకి సుమారు 200 క్యాలరీల దాకా ఉంటుంది. మానెయ్యగానే ఆ ఖర్చు ఆగిపోయింది, ఆకలేమో తిరిగొచ్చింది, నాలుకకి రుచి ముక్కుకి వాసన కూడా తిరిగొచ్చాయి, ఇన్నాళ్ళూ మామూలుగా అనిపించిన చేపల పులుసు ఇప్పుడు రెండోసారి వడ్డించుకోవాలనిపిస్తోందంటే అందుకే. దానికి తోడు ఇరవై ఏళ్ళు గంటకోసారి నోటి దాకా వెళ్ళిన చెయ్యి ఊరుకోదు కదా. మానేసినవాళ్ళు మొదటి ఏడాదిలో సగటున 4 నుంచి 5 కేజీలు పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే, తర్వాత ఆ వేగం తగ్గిపోతుంది. కాబట్టి మీ ఆరు కేజీలు మరీ వింతేమీ కాదు, ఇలాగే నెలనెలా పెరుగుతూ పోతుందని భయపడక్కర్లేదు.

అలాగని వదిలెయ్యమనట్లేదండి. మీ ఎత్తుకి 80 కేజీలంటే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క, 28 దాటింది, మన ఇండియా వాళ్ళకి 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. అంటే 74 ఉన్నప్పుడే మీరు గీత దాటి ఉన్నారు, మొత్తం తప్పు సిగరెట్ మానడం మీద వెయ్యకండి. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది, అందులో మానేశాక బాగా బరువు పెరిగినవాళ్ళకి కొన్నేళ్ళపాటు షుగర్ వచ్చే అవకాశం పెరిగింది, పెరగనివాళ్ళకి అలా పెరగలేదు. కానీ గుండె జబ్బుతో చనిపోయే ముప్పు మాత్రం 10 కేజీలు పైగా పెరిగినవాళ్ళలో కూడా సిగరెట్ కాలుస్తూనే ఉన్నవాళ్ళ కంటే బాగా తక్కువగా ఉంది. నాకు ఇందులో అర్థమైంది ఏంటంటే, మానడం మానడమే, బరువు సంగతి పక్కన నెమ్మదిగా చూసుకోవాలి.

నెమ్మదిగా అని ఎందుకంటున్నానంటే, కొంతమంది రాత్రి భోజనం మానేసి, వారంలో రెండు రోజులు పస్తులుండి ఒకేసారి తగ్గిపోదామని చూస్తారు. కడుపు కాలుతున్నప్పుడు సిగరెట్ మీదకి మనసు ఇంకా లాగుతుంది, ఆ ఆకలే మళ్ళీ కిళ్ళీ కొట్టు దగ్గరికి తీసుకెళ్తుంది. నెలకి కేజీ, కేజీన్నర తగ్గితే చాలు.

ముందు మీ టీ సంగతి చూద్దాం, నాకు మీ మెసేజ్‌లో అన్నిటికంటే అదే కనిపించింది. రోజుకి 8 టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అనుకుందాం, 16 చెంచాలు, చెంచాకి 20 క్యాలరీలు వేసుకున్నా 320, పాలు కాకుండానే. సిగరెట్ మానడం వల్ల ఆగిపోయిన ఖర్చు కంటే ఇదే ఎక్కువ! ఇంకో విషయం చాలామందికి తెలియదు, పొగలో ఉండే కొన్ని పదార్థాల వల్ల లివర్ కెఫీన్‌ని త్వరగా బయటికి పంపేస్తుంది, మానేశాక ఆ వేగం తగ్గిపోతుంది, అంటే పాత లెక్కలోనే టీ తాగినా ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. నిద్ర పట్టక, గుండె దడదడలాడి, చిరాగ్గా ఉంటే అది సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటారు, నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఇంకా ఎక్కువ. రోజుకి మూడు టీలకి రండి, పంచదార అర చెంచా చాలు, సాయంత్రం 4 తర్వాత వద్దు.

జేబులో పిప్పరమెంట్లు తీసేసి సోంపు, యాలక్కాయ, లవంగం పెట్టుకోండి. షెడ్డులో జంతికల డబ్బా ఉంటే చెయ్యి దానిమీదకే పోతుంది, అక్కడ ఉంచకండి. చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు చూసుకుంటూ అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్ళకి ఒంటిగంటకి నిజంగానే ఆకలేస్తుంది, దానికి ఉడకబెట్టిన శనగలు, కీర దోసకాయ, జామకాయ, పల్చటి మజ్జిగ ఇంటి దగ్గర నుంచే పట్టుకెళ్ళండి, మజ్జిగలో ఉప్పు మాత్రం బీపీ వల్ల నామమాత్రంగా. యావ పుట్టినప్పుడు అది సాధారణంగా ఐదు పది నిమిషాలే ఉంటుంది, కెరటంలా లేచి దానంతట అదే పడిపోతుంది, ఆ కాసేపు లేచి నడవండి, నీళ్ళు తాగండి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను, నోరు ఊరుకోవట్లేదని ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ జోలికి మాత్రం వెళ్ళకండి. మన వైపు సిగరెట్ మానేసి వీటికి మారినవాళ్ళని చూస్తూనే ఉన్నాం, నోటి క్యాన్సర్‌కి అదే దారి.

అన్నం మానెయ్యమని డెల్టా మనిషికి చెప్తే రెండు రోజులు కూడా నిలవదు, నేను చెప్పను. కంచంలో ముందు కూర, పప్పు, చేప వడ్డించుకుని ఆ తర్వాత అన్నం పెట్టుకోండి, ఇప్పుడు తినేదాంట్లో మూడో వంతు తగ్గించండి, రాత్రిపూట ఇంకొంచెం తక్కువ. చేప పులుసైతే మంచిదే, వేపుడు మాత్రం వారానికి ఒకసారి. పొద్దున పూరీ కంటే ఉప్మా లేకుండా నూనె తక్కువ వేసిన పెసరట్టు మేలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో పూతరేకు, కాజా పూర్తిగా వద్దంటే ఇంకా మనసు లాగుతుంది కాబట్టి ఒకటి తినండి, అది చాలు. బీరు, మందు మాత్రం ఈ ఏడాది దూరంగా పెట్టండి, క్యాలరీల సంగతి అటుంచి, మానేసినవాళ్ళు మళ్ళీ మొదటి సిగరెట్ వెలిగించేది ఎక్కువగా అక్కడే.

చెరువుల చుట్టూ బండి మీద తిరుగుతారా? బండి షెడ్డు దగ్గర పెట్టేసి గట్టు మీద నడవండి, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంగా. వారానికి మూడు రోజులు గుంజీలు, గోడ పట్టుకుని దండీలు లాంటివి చెయ్యండి, కండ ఉంటే కూర్చున్నా ఖర్చు పెరుగుతుంది. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, ఎడమ చెయ్యో దవడో లాగినా ఆగిపోయి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, ఇరవై ఏళ్ళు కాల్చిన బీపీ మనిషికి ఇది అశ్రద్ధ చెయ్యకూడనిది.

ఈ వారంలోనే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు చేయించి, బీపీ చూపించుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు, 6.5 దాటితే మీ డాక్టర్ గారు మందుల గురించి మాట్లాడతారు. పాదాలు వాచినా, నాలుగడుగులకే ఆయాసం వచ్చినా, వారంలో రెండు మూడు కేజీలు పెరిగినా అది కొవ్వు కాదు నీరు అయ్యుండొచ్చు, ఆగకుండా చూపించుకోండి. ఆయాసానికి థియోఫిలిన్ లాంటి మాత్రలేమైనా వాడుతుంటే సిగరెట్ మానేసిన సంగతి తప్పకుండా చెప్పండి, కొన్ని మందుల డోసు అప్పుడు తగ్గించాల్సి వస్తుంది.

కాల్చాలన్న కోరిక ఇంకా బాగా ఉంటే మీ డాక్టర్‌ని అడిగి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కొన్ని వారాలు వాడొచ్చు, అది వాడుతున్నన్నాళ్ళు బరువు పెరగడం కూడా కొంచెం నెమ్మదిస్తుంది. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబర్, క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, కాల్ ఫ్రీ. బరువు వారానికి ఒక్కసారే, పొద్దున్నే ఖాళీ కడుపుతో చూసుకోండి, నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి, మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. 3 నెలల తర్వాత ఆ కొలతలు, రిపోర్టులు పట్టుకుని మళ్ళీ రాయండి.