ఘాట్ దిగే ముందు ఒక్కసారి ఇది చదువు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వూ నీ ఫ్రెండ్స్ ముగ్గురూ కార్లో సముద్రం దాకా వెళ్తున్నారంట, డ్రైవింగ్ మొత్తం నువ్వేనంట, హైవే వదిలేసి కొండల మీదుగా పోయే పాత రోడ్డు పట్టుకుంటారంట. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో, మనింట్లో ఆడపిల్లల్లో నా తర్వాత అంత దూరం స్టీరింగ్ పట్టుకునేది నువ్వే మరి. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ నాన్న వద్దన్నాడంట కదా, నువ్వు రెండ్రోజుల నుంచి వాడితో మాట్లాడట్లేదంట. వాడి మీద కోపం పెట్టుకోకు. వాడు వద్దనడానికి కారణం నేను. ఆ సంగతి కింద రాస్తాను, ముందు మామూలు విషయాలు చెప్పేసి వస్తా.

టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూపించు, ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. స్టెప్నీలో కూడా చూడు, అందరూ మర్చిపోయేది అదే. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని అర్థం, గాడులు బాగున్నాయి కదా అని పదేళ్ళ టైరుతో కొండెక్కొద్దు. వైపర్లు, లైట్లు, కూలెంట్ చూసుకో. మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసిపెట్టుకో, కొండల్లో సిగ్నల్ ఉండదు. పెట్రోల్ సగం అయ్యిందంటే నింపించెయ్, ముందు ఇంకో బంక్ ఉంటుందిలే అనుకోవద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

టైమ్ విషయంలో మాత్రం నా మాట విను. ఫోన్ ఏడు గంటలు అని చూపిస్తే అది ఎక్కడా ఆగకుండా పోయేవాడి లెక్క. మీరు వెళ్ళేదే చూడ్డానికి కదా, జలపాతం కనిపిస్తే ఆగుతారు, మబ్బు లోయలోకి దిగుతుంటే ఆగుతారు, ఫోటోలు సరేసరి. పది గంటలు వేసుకో. ఇంకా మంచిది రెండ్రోజులు చేసుకోవడం. మొదటిరోజు సాయంత్రానికి కొండ పైన ఉన్న ఊరికి చేరుకుని రాత్రి అక్కడే పడుకోండి, తెల్లారాక, పొగమంచు విడిచాక నిదానంగా దిగండి. రూమ్ డబ్బులు దండగ అని నీ ఫ్రెండ్స్ అంటే ఆ డబ్బులు నేను పంపిస్తా, నిజంగా పంపిస్తా, మొహమాటపడకు.

ఇంకోటి, సముద్రం ఏ వైపు ఉందో చూసుకో. పడమటి తీరానికి వెళ్తుంటే సాయంత్రం ఎండ సరిగ్గా కళ్ళలోకే కొడుతుంది, తూర్పు తీరానికైతే పొద్దున్నే కొడుతుంది. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎండ పడితే రెండు సెకన్ల పాటు ఏమీ కనబడదు. అద్దం లోపలి వైపు కూడా తుడిచిపెట్టుకో, లోపలి మసకే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న ఘాట్ రోడ్డు మీద పక్క సీట్లో కూర్చుంటే కాలితో మ్యాట్‌ని నొక్కుతూ ఉంటాడని మీరందరూ నవ్వుతారు చూడు, "నాన్నకి అక్కడ కూడా బ్రేకుంది" అని. ఆ అలవాటు ఎప్పుడొచ్చిందో నేను చెప్తాను.

అప్పుడు నాకు 26, మీ నాన్నకి 19. వాడు అప్పటిదాకా సముద్రం చూడలేదు. నేను ఉద్యోగంలో చేరి సెకండ్ హ్యాండ్ కారొకటి కొన్నాను, లైసెన్స్ వచ్చి ఏడాది అయ్యింది, అంతా వచ్చేసిందనుకునే రోజులవి. సముద్రంలో సూర్యుడు మునగడం నీకు చూపిస్తాన్రా అని వాడికి మాటిచ్చాను. అదే తప్పుకి మొదలు. టైమ్ పెట్టుకుని బయల్దేరాం. దారిలో పంక్చర్ అయ్యింది, జాకీ సరిగ్గా లేవలేదు, గంటన్నర పోయింది. ఘాట్ పైకి చేరేసరికి ఐదు దాటింది, సూర్యుడేమో కిందికి దిగిపోతున్నాడు. అక్కడ ఇంజిన్ చల్లారడానికి లారీలు ఆపుకుని ఉన్నారు, ఒక పెద్దాయన మా కారు చూసి, నన్ను చూసి, "అమ్మా, ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలి, సెకండ్‌లో పెట్టి వదిలెయ్, బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చోకు" అన్నాడు. అలాగేనండీ అన్నాను. రెండు మలుపులు తిరిగానో లేదో, సెకండ్ గేర్‌లో ఇంజిన్ ఒకటే అరుస్తోంది, ఇలా పోతే సూర్యుడు మునిగిపోతాడని న్యూట్రల్‌లోకి తోసేశాను. పెట్రోల్ కూడా మిగులుతుంది కదా అనుకున్నాను.

బండి జారిపోతోంది, నేను బ్రేకు నొక్కుతూనే ఉన్నాను, వదిలితే స్పీడ్ పెరుగుతోంది కాబట్టి వదల్లేను. ఐదారు మలుపులయ్యాక గుడ్డ కాలినట్టు వాసన వచ్చింది. మీ నాన్న "అక్కా ఏదో కాలుతోంది" అన్నాడు. ముందు పోయే లారీదిలేరా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది తల్లీ, అప్పుడే ఆపి ఉంటే ఏమీ జరిగేది కాదు. తర్వాత మలుపుకి బ్రేకు తొక్కితే కాలు సగం దూరం మెత్తగా దిగింది. ఇంకో మలుపుకి పూర్తిగా నేలకి తగిలింది. దూదిని తొక్కినట్టు ఉంది, అవతల ఏమీ లేదు.

ఎందుకలా అయ్యిందో తర్వాత మెకానిక్ చెప్పాడు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటూ ఉంటుందంట, కొత్తగా పోసినప్పుడు 200 డిగ్రీలు దాటితే గానీ మరగదు, తేమ పట్టిన పాత ఆయిల్ 140, 150కే మరుగుతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు పట్టదు. నా కార్లో ఆయిల్ ఎన్నేళ్ళ నాటిదో నాకే తెలీదు, కొన్నప్పుడు అడగలేదు కూడా. నువ్వు రేపే వెళ్ళి అడుగు. రెండేళ్ళు దాటితే మార్పించు. నల్లగా ఉంటే తారీఖుతో పని లేదు, మార్పించెయ్. పైపైన కొంచెం పోసేసి అయిపోయిందంటారు, ఒప్పుకోకు, పాతదంతా తీయించాలి.

సరే, బ్రేకు లేదు. పెడల్ గబగబా కొడితే కొంచెం పట్టి మళ్ళీ వదిలేసింది. సెకండ్ గేర్ వెయ్యబోతే గరగరమంటూ పడలేదు, థర్డ్ పడింది, కాస్త తగ్గింది. హ్యాండ్‌బ్రేక్ మెల్లమెల్లగా లాగాను. అయినా ఆగేట్టు లేదు, ముందు హెయిర్‌పిన్ మలుపు కనిపిస్తోంది, దాని అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. లోయ నా వైపు ఉంది. కొండ మీ నాన్న వైపు ఉంది. లోయలో పడకూడదంటే కారుని వాడి వైపే రాయించాలి. అంత ఆలోచించే టైమ్ లేదు అని నాకు నేను చెప్పుకుంటాను గానీ ఆలోచించాను తల్లీ, వాడి మొహం చూసి మరీ తిప్పాను. "అక్కా తిప్పు" అని వాడే అన్నాడు.

మట్టిగట్టుకి రాసుకుంటూ పోయి, తుప్పలు విరుచుకుంటూ, ఒక రాయికి తగిలి ఆగింది. వాడి వైపు డోర్ లోపలికి వచ్చేసింది, ఎడమ మోచెయ్యి విరిగింది. చక్రాల్లోంచి పొగ. వాడు ఆ చెయ్యి పట్టుకునే దిగి నీళ్ళ సీసా తీసి చక్రం మీద పొయ్యబోతే, వెనకాల దిగుతున్న ఆ లారీ పెద్దాయనే పరిగెత్తుకొచ్చి ఆపాడు, అంత వేడి మీద చల్లనీళ్ళు పడితే బ్రేకు డ్రమ్ము పగులుతుందని. నన్ను ఒక్క మాట కూడా అనలేదు ఆయన. చక్రాల కింద రాళ్ళు పెట్టి, తన కండువాతో మీ నాన్న చెయ్యి కట్టి, మమ్మల్ని లారీలో ఎక్కించుకుని సెకండ్ గేర్‌లో కిందిదాకా దింపాడు. చీకటి పడిపోయింది. ఆ రోజు సముద్రం చూడలేదు.

మీ నాన్న మోచేతి మీద మచ్చ ఉంది కదా, సైకిల్ మీంచి పడ్డానని మీకు చెప్పాడు. మా నాన్నకీ అదే చెప్పాడు, కారు ఎవరికో ఇస్తే వాళ్ళు గుద్దారని చెప్పాడు, మా అక్క చేత ఇంకెప్పుడూ స్టీరింగ్ పట్టుకోనివ్వరని వాడి భయం. 38 ఏళ్ళుగా అదే చెప్తున్నాడు. నేనే ఇప్పుడు బయటపెడుతున్నాను, వాడికి చెప్పే రాస్తున్నాను.

అందుకని నీకు చెప్పేదేంటంటే, మీరు తీసుకెళ్ళేది ఆటోమేటిక్ అంట, దిగేటప్పుడు డీలో వదిలేసి బ్రేకులతోనే నెట్టుకురావద్దు. ఎల్ అనో 2 అనో ఉంటే అందులో పెట్టు, లేదా మాన్యువల్ మోడ్‌లో కింది గేర్‌కి దించు, ఇంజిన్ గట్టిగా మోగుతుంది, మోగనీ, అది బండిని పట్టి ఉంచుతున్న శబ్దం. దిగడం మొదలుపెట్టక ముందే దించు, స్పీడ్ వచ్చేశాక కాదు. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి స్పీడ్ తగ్గించి వదిలెయ్, మెత్తగా నొక్కుతూనే ఉంటేనే కాలిపోతాయి. న్యూట్రల్‌లో పెట్రోల్ మిగలదు, ఇప్పటి కార్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్‌కి పెట్రోల్ వెళ్ళడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కి తాగుతూ ఉంటుంది. ఇంజిన్ ఆపేసి జారడం అసలే వద్దు, బ్రేకు రాయిలా అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వాసన వచ్చిందా, ఎవరిది అని చూడకు, నీదే అనుకుని చోటున్న దగ్గర ఆపి అరగంట కూర్చో. వెనకవాడు హారన్ కొడితే పక్కకి జరిగి పోనివ్వు. ఎక్కే బండికి దారివ్వు. ఫోటోల కోసం మలుపులో ఆపావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను, చెప్తున్నా.

నిద్ర గురించి కూడా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, తెల్లవారుజామున రెండు నుంచి ఆరు, ఈ టైముల్లో ఒళ్ళు దానంతటదే మత్తెక్కుతుంది, నువ్వు ఎంత గట్టిదానివైనా సరే. 90 స్పీడ్‌లో సెకనుకి 25 మీటర్లు పోతుంది బండి, నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 100 మీటర్లు ఎవరూ నడపకుండా పోయినట్టే. రెండు గంటలకోసారి దిగండి. కళ్ళు లాగితే పాటలు పెంచడం, అద్దం దించడం పనికిరావు, పక్కన ఆపి ఇరవై నిమిషాలు పడుకో.

చేరాక ఇసుక మీదకి కారు తీసుకెళ్ళకు. ఆటుపోట్లు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంటాయి, నిన్న ఈ టైమ్‌కి ఇక్కడ నీళ్ళు లేవు కదా అనే లెక్క పనికిరాదు. అలలు విరగకుండా నున్నగా, నిమ్మళంగా కనిపించే జాగా ఉంటుంది, అక్కడే దిగాలనిపిస్తుంది, లోపలికి లాక్కుపోయే ప్రవాహం ఉండేది చాలాసార్లు అక్కడే. లాగితే ఒడ్డుకి ఎదురీదకు, అలిసిపోతావు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడి అప్పుడు తిరుగు. అన్నిటికన్నా మోకాలి లోతు దాటకపోవడం మంచిది. ఇంటికొచ్చాక కారు అడుగున మంచినీళ్ళతో కడిగించు, ఉప్పు తినేస్తుంది.

ఇంకో నాలుగు పేజీలు రాయగలను గానీ నువ్వు చదవవు. మీ నాన్నతో ఇందాకే మాట్లాడాను. గంటసేపు ఏమీ అనలేదు, ఆఖర్న "బ్రేక్ ఆయిల్ మార్పించిందా" అని అడిగాడు. అంటే ఒప్పుకున్నట్టే. రేపు మెకానిక్ దగ్గరికి వాడినే తీసుకెళ్ళు, దగ్గరుండి మార్పిస్తాడు, వాడికి ఆ పని కావాలి. కొండ పైనుంచి దిగబోయే ముందు ఒక ఫోన్ చెయ్యి, కిందికి చేరాక ఇంకోటి. నాకు కాదు, వాడికి.

మీ అత్తయ్య