ఒరెగాన్ తీరం నుంచి రెడ్‌వుడ్ అడవుల దాకా: టెంటుకూ ఆర్వీకీ సరిపడే క్యాంప్‌గ్రౌండ్లు ఎలా ఎంచుకోవాలి?

రెండు కుటుంబాలు కలిసి జూలైలో వారం రోజుల పాటు ఒరెగాన్‌లోని ఫ్లోరెన్స్ నుంచి కాలిఫోర్నియాలోని క్రెసెంట్ సిటీ దాకా వెళ్లాలనుకుంటున్నామని, ఒక కుటుంబం టెంటులోనూ మరొకటి అద్దెకు తీసుకున్న 30 అడుగుల ఆర్వీలోనూ (లోపలే పడకలూ వంటచోటూ ఉండే పెద్ద బండి) ఉంటుందని, అడవీ సముద్రమూ రెండూ దగ్గరగా ఉండే క్యాంప్‌గ్రౌండ్లను ఎలా ఎంచుకోవాలని మీరు అడిగారు. ఆ దారిలో టెంటుతోనూ ఆర్వీతోనూ కొన్నేళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత వరకు వివరంగా చెబుతాను. ఆర్వీ పొడవును బట్టి క్యాంప్‌గ్రౌండ్‌ను, గాలిని బట్టి అందులోని సైటును, అంటే టెంటుకో ఆర్వీకో కేటాయించే స్థలాన్ని, ఎంచుకోండి. సముద్రం కనబడే సైటే కావాలని మాత్రం పట్టుబట్టకండి.

ముందుగా పొడవు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ప్రయాణంలో దక్షిణపు సగాన్ని అదే నిర్ణయిస్తుంది. రెడ్‌వుడ్ నేషనల్ అండ్ స్టేట్ పార్క్స్‌లో జెడెడియా స్మిత్, మిల్ క్రీక్, ఎల్క్ ప్రెయిరీ, గోల్డ్ బ్లఫ్స్ బీచ్ అనే నాలుగు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. వీటిలో వేటికీ కరెంటు హుకప్‌లు (ఆర్వీని తగిలించుకునే కనెక్షన్లు) లేవు, వేటిలోనూ 30 అడుగుల ఆర్వీ పట్టదు. గోల్డ్ బ్లఫ్స్ బీచ్‌కు వెళ్లే డేవిసన్ రోడ్డు మట్టి దారి. 24 అడుగుల కన్నా పొడవైన లేదా 8 అడుగుల కన్నా వెడల్పైన వాహనాలను అక్కడికి అనుమతించరు, ట్రెయిలర్లను అసలే అనుమతించరు. జెడెడియా స్మిత్ అడవి గుండా పోయే హౌలాండ్ హిల్ రోడ్డు కూడా పెద్ద వాహనాలకు పనికిరాదు. అందుకని ఆర్వీని సరిహద్దుకు ఇవతల, ఒరెగాన్ వైపు బ్రూకింగ్స్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న హ్యారిస్ బీచ్ స్టేట్ పార్కులో నిలిపి, టెంటు కుటుంబం తెచ్చుకునే కారులో అందరూ రెడ్‌వుడ్ అడవులు చూసి రావడం మంచిదని నా అభిప్రాయం. హ్యారిస్ బీచ్‌లో హుకప్ సైట్లూ టెంటు సైట్లూ రెండూ ఉన్నాయి, సముద్రం నడక దూరంలో ఉంటుంది, క్రెసెంట్ సిటీ అరగంట ప్రయాణం. టెంటు వాళ్లకు ఒక రాత్రయినా ఆ మహావృక్షాల కింద నిద్రపోవాలని ఉంటే జెడెడియా స్మిత్‌లో ఒక సైటు విడిగా తీసుకోవచ్చు. పక్కనే పారే స్మిత్ నదికి ఎక్కడా ఆనకట్ట లేదు, వేసవిలో దాని నీళ్లు అడుగున రాళ్లు కనబడేంత తేటగా ఉంటాయి.

బుకింగ్ పేజీలో ప్రతి సైటుకూ గరిష్ఠ పొడవు విడిగా ఇస్తారు. ఒకే లూప్‌లో (సైట్లు వరుసగా ఉండే చుట్టు దారి) పక్కపక్కనున్న రెండు సైట్లలో ఒకటి 40 అడుగులకూ మరొకటి 22 అడుగులకూ సరిపోవడం సాధారణం. అద్దె కంపెనీ 30 అడుగులు అన్నప్పుడు ముందు బంపర్ నుంచి వెనకాల తగిలించే సైకిల్ ర్యాక్ దాకా మొత్తం ఎంత వస్తుందో అడిగి, ఆ అంకెకు రెండు మూడు అడుగులు కలిపి వెతకండి. అడవిలోని సైట్లలో చోటు ఉన్నా మలుపు దగ్గర చెట్టు అడ్డం వస్తుంది కాబట్టి, వెనక్కి నడపడం అలవాటు లేనివాళ్లకు ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు నుంచి వెళ్లిపోయే పుల్-త్రూ సైటు దొరికితే చాలా శ్రమ తప్పుతుంది.

ఇక గాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఈ తీరమంతటా వాయవ్యం నుంచి బలమైన గాలి వీస్తుంది. ఆర్వీలో ఉన్నవాళ్లకు అది చప్పుడు మాత్రమే, టెంటులో ఉన్నవాళ్లకు రాత్రంతా జాగరణ. సైటులో అడుగుపెట్టగానే నేను మొదట చూసేది చుట్టూ ఉన్న చెట్లనే. సముద్రం వైపు కొమ్మలు ఎండిపోయి, ఉన్న పచ్చదనమంతా వెనక్కి దువ్విన జుట్టులా లోపలివైపే వాలి ఉంటే అక్కడ ఏడాది పొడవునా గాలి కొడుతున్నట్టే. అన్ని వైపులా సమంగా పెరిగిన షోర్ పైన్ చెట్లు, వాటి కింద దట్టమైన పొదలు ఉన్న చోట టెంటు నిశ్చింతగా వేసుకోవచ్చు. బ్యాండన్ దగ్గరి బుల్లర్డ్స్ బీచ్ స్టేట్ పార్కు నాకు ఇష్టం కావడానికి కారణం ఇదే. అక్కడి సైట్లు ఒడ్డుకు మైలుకు పైగా లోపల, పైన్ చెట్ల చాటున ఉంటాయి. ఆ దూరం చూసి చాలామంది దాన్ని వదిలేస్తారు, కానీ అక్కడ నిద్ర బాగా పడుతుంది. ఫ్లోరెన్స్ వద్ద జెస్సీ హనీమన్ పార్కు కూడా అలాంటిదే. అడవిలో పడుకుని, పొద్దున్నే ఇసుక దిబ్బలు ఎక్కి, మధ్యాహ్నం గాలి లేచే వేళకు క్లియోవాక్స్ మంచినీటి సరస్సులో ఈదవచ్చు. పిల్లలుంటే మొదటి రెండు రాత్రులకు అంతకన్నా అనువైన చోటు ఆ దారిలో నాకు తెలియదు. ఇసుక నేలలో మామూలు మేకులు నిలవవు, పొడవైన వెడల్పాటి మేకులు తీసుకెళ్లండి.

అడవి లోపలి సైట్లకూ ఒక ఇబ్బంది ఉంది. జూలైలో వాన దాదాపు ఉండదు, కానీ సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచు ఎత్తయిన చెట్ల ఆకులకు పట్టి, నీరై, తెల్లవారుజామున టపటపా రాలుతుంది. రెడ్‌వుడ్ చెట్లకు వేసవిలో దక్కే నీటిలో ఇది పెద్ద భాగం. ఆకాశం నిర్మలంగా ఉన్నా టెంటు మాత్రం తడిసి ఉంటుంది. అందుకే పై కప్పు గుడ్డను తప్పకుండా కట్టండి, కింద పరిచే పట్టా అంచులు టెంటు బయటికి రాకుండా లోపలికి మడవండి. బయటికి వస్తే రాలిన నీరంతా దాని మీదుగా మీ పడకల కిందికే చేరుతుంది. టెంటు వేసే ముందు తలెత్తి ఎండిన కొమ్మలేవైనా వేలాడుతున్నాయేమో చూడటం కూడా మరచిపోకండి.

కరెంటు గురించి అంతగా బెంగపడనక్కర్లేదు. తీరంలో జూలై పగళ్లు కూడా చాలావరకు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ప్రాంతంలోనే ఉంటాయి కాబట్టి ఏసీతో పని పడదు, 30 ఆంపియర్ల కనెక్షన్ ధారాళంగా సరిపోతుంది. హుకప్ లేని చోట దిగినప్పుడు గమనించాల్సింది హీటర్‌ను. అది ప్రొపేన్‌తో మండినా దాని ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది, రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి బ్యాటరీ నీరసిస్తుంది. జెనరేటర్ నడపడానికి ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ నిర్ణీత వేళలుంటాయి, వాటిని ముందే తెలుసుకోండి. మురుగునీటి హుకప్ లేకపోయినా డంప్ స్టేషన్ (ఆర్వీ మురుగు ట్యాంకును ఖాళీ చేసే చోటు) ఉంటే రెండు రాత్రులు హాయిగా గడుస్తాయి. ఒరెగాన్ స్టేట్ పార్కుల్లో హుకప్ సైటులో టెంటు వేసుకోనిస్తారు కాబట్టి, మీ రెండు కుటుంబాలూ విడివిడి లూప్‌లలో కాకుండా పక్కపక్కనే రెండు హుకప్ సైట్లు తీసుకోవచ్చు. కొంచెం ఖర్చు ఎక్కువైనా రాత్రి పిల్లలు చీకట్లో అటూ ఇటూ నడవాల్సిన అవసరం ఉండదు.

రెండు విషయాల్లో మాత్రం మీరు గట్టిగా ఉండాలని కోరుకుంటున్నాను. మొదటిది ఆహారం. రెడ్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్లలో తినే వస్తువులన్నీ సైటులోని ఇనుప పెట్టెలో పెట్టి మూయాలంటే అందరూ ఎలుగుబంట్ల కోసమే అనుకుంటారు. కానీ బల్ల కింద రాలిన మెతుకులు కూడా హాని చేస్తాయి. మార్బుల్డ్ మరెలెట్ అనే చిన్న సముద్రపు పక్షి చేపలకు సముద్రం మీదికి వెళ్లి, గుడ్డు పెట్టడానికి మాత్రం లోపలి ప్రాచీన వృక్షాల నాచు పట్టిన కొమ్మల మీదికి వస్తుంది. పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. మెతుకుల కోసం క్యాంప్‌గ్రౌండ్‌కు చేరే స్టెల్లర్స్ జే పక్షులూ మాలకాకులూ ఆ గుడ్లను తినేస్తాయి. మరెలెట్ 1992 నుంచి అమెరికా ప్రభుత్వపు ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఉంది. కాబట్టి భోజనం అయ్యాక బల్లా నేలా రెండూ ఏరి శుభ్రం చేయించండి. ఆ పక్షి కథ చెబితే పిల్లలు పెద్దలకన్నా శ్రద్ధగా చేస్తారు.

రెండోది సునామీ. ఈ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న కాస్కేడియా భ్రంశం (భూమి పొరల మధ్య చీలిక) 1700 జనవరిలో సుమారు 9 తీవ్రతతో కంపించింది. మళ్లీ ఎప్పుడు కంపిస్తుందో ఎవరూ చెప్పలేరు. పల్లంలో ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలో ఎత్తుకు వెళ్లే దారిని చూపే బోర్డులు ఉంటాయి. దిగిన సాయంత్రమే ఆ దారిలో ఒకసారి అందరూ కలిసి నడవండి. నేల గట్టిగా కంపిస్తే సైరన్ కోసం ఎదురుచూడకుండా, ఆర్వీ స్టార్ట్ చేయకుండా కాలినడకనే బయలుదేరాలి, ఎందుకంటే మొదటి అల 15–20 నిమిషాల్లోనే రావచ్చు.

కట్టెలు కాల్చే చోటే కొనండి. బ్రూకింగ్స్ ఉన్న కర్రీ కౌంటీలో 2001 నుంచి సడన్ ఓక్ డెత్ అనే చెట్ల తెగులు ఉంది. అక్కడి కట్టెలను ఆర్వీలో వేసుకుని కాలిఫోర్నియా అడవుల్లోకి తీసుకెళ్లడం భావ్యం కాదు.

ఒరెగాన్ స్టేట్ పార్కులకూ, కాలిఫోర్నియా స్టేట్ పార్కులకూ బుకింగ్ ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది. అంటే జూలై 12 రాత్రికి సైటు కావాలంటే జనవరి 12 ఉదయమే కూర్చోవాలి. కాలిఫోర్నియాలో అది సరిగ్గా పసిఫిక్ సమయం 8 గంటలకు మొదలవుతుంది. ముందు హ్యారిస్ బీచ్‌లో ఆర్వీకి సైటు ఖాయం చేసుకుని, మిగతా రాత్రులను దాని చుట్టూ సర్దుకోండి. ఆ తేదీ దాటిపోయి ఉంటే ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రులను వెతకండి, రద్దయిన సైట్ల కోసం రోజూ ఒకసారి చూడండి.