జూడో మ్యాట్ మీద జోడీ పట్ల నడవడి: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కాలేజీలో జూడో తరగతులలో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏ పట్టు ముందు నేర్చుకోవాలి, పసుపు బెల్టు ఎన్నాళ్లకు వస్తుంది అని నువ్వు అడిగిన ప్రశ్నలకు మీ కోచ్‌గారే నాకన్నా సరిగా జవాబు చెప్పగలరు. నేను రాయదలచుకున్నది నువ్వు అడగని సంగతి. నీతో సాధన చేసేవాళ్ల ఒళ్లు నీ చేతిలో ఉన్నంతసేపు నువ్వు ఎలా మెలగాలి అన్నది. పడేవాడు క్షేమంగా పడడంలో అతని నేర్పు ఎంత ఉన్నా, పడేసేవాడి బాధ్యత అంతకన్నా ఎక్కువని, ఇన్నేళ్లు కొత్తవాళ్లకు పాఠం చెప్పిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం.

జూడో పుట్టుకలోనే ఈ ఆలోచన ఉంది. జిగోరో కానో 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో, కొద్దిమంది శిష్యులతో కొడోకాన్ అనే తన జూడో పాఠశాలను ప్రారంభించాడు. అంతకు ముందున్న జుజుత్సు అనే జపాన్ పాత పోరాట విద్య పద్ధతులలో గుద్దులు, తన్నులు, కీళ్లు విరిచే పట్లు చాలా ఉండేవి. వాటిని ఎదుటి మనిషి మీద పూర్తి బలంతో సాధన చేయడానికి వీలు లేదు. కానో అటువంటివాటిని ముందే కూర్చుకున్న వరుసలో చేసి చూపే కాతాలకు పరిమితం చేసి, మిగిలినవాటితో ఇద్దరూ ఉన్న బలమంతా పెట్టి తలపడే రాండోరిని తీర్చిదిద్దాడు. అంటే హద్దులు పెట్టినందువల్లనే పూర్తి బలంతో ఆడడం సాధ్యమైంది. ఆ హద్దులను నువ్వు పాటించకపోతే నీ జోడీ బిగుసుకుపోతాడు, భయంతో వెనక్కి తగ్గుతాడు, నాలుగు రోజులకు నీతో ఆడడం మానేస్తాడు. జోడీ లేనివాడికి జూడో లేదు.

నువ్వు స్కూలు రోజుల నుంచి కబడ్డీ ఆడినవాడివి కాబట్టి ఒక హెచ్చరిక ప్రత్యేకంగా చేయవలసి ఉంది. కబడ్డీలో కూతకు వచ్చినవాడి చీలమండ దొరికితే వదలకూడదు. నలుగురూ మీద పడి గీత తాకకుండా అదిమిపెట్టాలి. ముప్పై సెకన్లలో తేలిపోవలసిన ఆట కనుక ఆ తొందర సహజం. ఆ నడుము బలం, ఆ కాలి చురుకు నీకు ఇక్కడ ఎంతో ఉపయోగపడతాయి. కానీ పట్టుకున్నవాడి మీద మన బరువంతా వేసి కూలబడే అలవాటును మాత్రం మ్యాట్ అంచున చెప్పులతో పాటు విడిచి రావాలి. జూడోలో విసిరినవాడు చివరి దాకా తన కాళ్ల మీద నిలబడి ఉండడమే మంచి విసురుకు గుర్తు. పోటీలలో పట్టుతో పాటు తామూ దొర్లేవాళ్లను నువ్వు వీడియోలలో చూస్తావు. వాళ్లు ఒకరికొకరు సమానులు, ఏళ్ల తరబడి పడడం నేర్చినవాళ్లు. మొదటి ఏడాది నువ్వు చూసి నేర్వవలసినవాళ్లు వాళ్లు కారు.

విసిరేటప్పుడు చేయవలసిన పనులలో అన్నింటికన్నా ముఖ్యమైనది జోడీ చొక్కా చేతిని వదలకపోవడం. కుడివైపు వేసే పట్టులో నీ ఎడమ చెయ్యి అతని కుడి చేతి చొక్కాను పట్టుకుని ఉంటుంది; అతని వీపు మ్యాట్‌ను తాకే క్షణంలో ఆ చేతిని కాస్త పైకి లాగి పట్టుకుంటే అతని భుజాలు, మెడ, తల నేలకు కొట్టుకోకుండా నిలుస్తాయి, ఖాళీగా ఉన్న రెండో చేత్తో అతను మ్యాట్‌ను చరిచి దెబ్బను పంచుకోగలుగుతాడు. వదిలేస్తే అతను ఎటు పడతాడో నీకూ తెలియదు, అతనికీ తెలియదు. ఇంకొకటి, పట్టు మొదలుపెట్టే ముందు అతను పడబోయే చోటును ఒక్క చూపు చూడు. పక్కన మరో జంట నేలమీద పెనుగులాడుతుంటే వాళ్ల మీదికి మనిషిని విసిరినవాడివి అవుతావు. మన ఊళ్లలో హాళ్లు చిన్నవి, పిల్లలు ఎక్కువ. కాబట్టి చోటు చాలదనిపిస్తే పట్టు సగంలో ఉన్నా ఆపేసి, పక్కకు జరిగి మళ్లీ మొదలుపెట్టు.

'ఒసోటో గారి' అనే పట్టు గురించి విడిగా రాస్తున్నాను. ఎదుటివాడి కాలిని వెనుక నుంచి కోసి వెల్లకిలా పడేసే ఈ పట్టును తొలి వారాలలోనే చూపిస్తారు, పైకి సులువుగా కూడా కనిపిస్తుంది. అయితే వెల్లకిలా పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి ఉంచడం ఒంటికి ఇంకా అలవాటు కాని కొత్తవాడి తల వెనుక భాగం నేరుగా మ్యాట్‌కు తగులుతుంది. జపాన్‌లో 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల కాలంలో పాఠశాలల జూడో సాధనలో నూరుమందికి పైగా పిల్లలు చనిపోయారు. వారిలో ఎక్కువమందికి తలకు తగిలిన దెబ్బలే కారణం, కొత్తగా చేరినవాళ్ల సంఖ్య అందులో పెద్దది, ఈ పట్టు పేరు ఆ వివరాలలో పదే పదే వస్తుంది. జూడో పుట్టిన దేశంలో, నాణ్యమైన మ్యాట్‌ల మీద జరిగిన సంగతి ఇది. అందువల్ల నీ జోడీ వెనక్కి పడే ఉకేమిని, అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతిని, ఆలోచించకుండానే చేయగలుగుతున్నాడని కోచ్ చెప్పేవరకు అతని మీద ఒసోటో గారిని పూర్తిగా వేయకు. కాలు పెట్టే వరకు వెళ్లి ఆగు. నీ మీద వేయబోయేవాడిని కూడా అలాగే ఆగమని అడుగు. బాగా అలసిపోయిన తరువాత మెడ బిగువు సడలుతుంది, నేర్చినవాడి తల కూడా వేలాడుతుంది. తరగతి చివర్లో ఆ పట్టు జోలికి పోకపోవడమే మేలు.

మోకాళ్ల విషయంలో కూడా ఇంతే జాగ్రత్త అవసరం. జోడీ వెనుకకు కాలు చాచి కూర్చుంటూ పడేసే తాని ఒతోషిలో నీ బరువు అతని మోకాలి పక్కన పడితే అక్కడి లిగమెంట్ తెగుతుంది. కోచ్ దగ్గరుండి నేర్పే దాకా దానిని రాండోరిలో వాడవద్దు. కత్తెరలా రెండు కాళ్లతో ఎదుటివాడి కాళ్లను బంధించి పడేసే 'కాని బసామి' అనే పట్టును అసలే వేయకూడదు. 1980లో జపాన్‌లోని ఒక పోటీలో సుమియో ఎండో ఈ పట్టు వేసినప్పుడు యసుహిరో యమషిత కాలి ఎముక విరిగింది. 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన యమషితే ఆయన. అంతటివాడికే దాని నుంచి తప్పించుకునే వీలు లేకపోయింది. ఇప్పుడు అంతర్జాతీయ పోటీలలో అది నిషిద్ధం. ఇంటర్నెట్‌లో చూసి సరదాగా ప్రయత్నిద్దామనేవాడు నీ తరగతిలో ఒకడైనా ఉంటాడు. అతనికి వద్దని గట్టిగా చెప్పు.

ఇక నువ్వు పడేవాడి స్థానంలో ఉన్నప్పుడు. ఉచికోమిలో, అంటే విసరకుండా ఒకే పట్టులోకి మళ్లీ మళ్లీ వెళ్లే సాధనలో, స్తంభంలా బిగుసుకుని నిలబడకు, అలాగని వేలు తగలగానే ఒరిగిపోకు. మామూలుగా నిటారుగా నిలబడి అతని పట్టు అతనికి తెలిసేలా సహకరించు. విసరడానికి ఒప్పుకున్నాక చివరి క్షణంలో అతని మెడ పట్టుకుని వేలాడకు, అప్పుడు ఇద్దరూ కలిసి కూలతారు. చెయ్యి చాచి నేలకు ఆనించి పడకుండా ఆపుకోవాలని మాత్రం ఎప్పుడూ చూడకు. మోచేయి కీలు తప్పడం, కాలరు ఎముక విరగడం ఎక్కువగా అలాగే జరుగుతాయి. పడడం చిన్నతనమని అనుకునేవాడే అలా చెయ్యి ఆనిస్తాడు.

నేలమీది సాధనలో అడ్డుకట్ట అంతా చరుపులోనే ఉంది. జోడీ ఒంటి మీద గానీ మ్యాట్ మీద గానీ రెండుసార్లు గట్టిగా చరిస్తే ఓటమి ఒప్పుకున్నట్లు; చేతులు చిక్కుకుపోతే కాలితో చరచవచ్చు, నోటితో చెప్పవచ్చు. చరుపు వినపడిన క్షణమే పట్టు విడవాలి. అతను నొప్పితో అరిచినా, మూలిగినా, చరుపుగానే లెక్క వేసుకుని వదిలేయి. జూడోలో కీలు పట్టును మోచేతి మీద మాత్రమే వేయవచ్చు. చెయ్యి పూర్తిగా చాపుకున్న తరువాత అది విరగడానికి ఇక మిగిలి ఉండేది బెత్తెడు దూరం కూడా కాదు. కాబట్టి పట్టును కుదుపుతో బిగించకు. చెయ్యి చాపుకున్న చోట ఆగి, అతనికి చరిచే వ్యవధి ఇవ్వు. పంతానికి పోయి చరచకపోతే నువ్వే వదిలేసి నవ్వుతూ మళ్లీ మొదలుపెట్టు, పట్టు దొరికిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు కదా. మెడ పట్టు, అంటే మెడను బిగించే పట్టు, సరిగా పడితే మనిషికి దాదాపు పది సెకన్లలోనే స్పృహ తప్పుతుంది, గొంతులో గురక వంటి శబ్దం రావచ్చు, చేతులు సడలిపోతాయి. అతని ముఖం నీకు కనపడని స్థితిలో ఉంటే అతని చేతుల కదలికను గమనిస్తూ ఉండు. పక్క బ్యాచ్‌లోని చిన్నపిల్లలతో ఆడవలసి వస్తే మెడ పట్లు, కీళ్ల పట్లు రెండూ వద్దు. జపాన్ నిబంధనలలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఈ రెండూ నిషిద్ధమే.

శుభ్రత గురించి పెద్దగా చెప్పను, మీ అమ్మ పెంపకం మీద నాకు నమ్మకం ఉంది. గోళ్లు కత్తిరించుకో, జూడో డ్రెస్‌ను ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరవేయి, మ్యాట్ దిగి బాత్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకో. మన ఉక్కపోతకు తామర ఒకరికి వస్తే వారంలో అందరికీ పాకుతుంది. ఒంటి మీద మచ్చ కనిపిస్తే డాక్టరుకు చూపించి, తగ్గేవరకు మానేయి. ఉంగరం, మొలతాడు, తాయెత్తు, గుడిలో కట్టిన చేతి దారం విషయంలో మాత్రం మనవాళ్లు మొండికేస్తారు. చొక్కా పట్టుకునే వేలు ఆ దారంలో చిక్కుకుంటే విరిగేది నీ వేలు కాదు, నీ జోడీ వేలు. తీసి సంచిలో పెట్టుకో, భక్తికి లోటేమీ రాదు.

మీ తరగతిలో అమ్మాయిలు కూడా ఉన్నారన్నావు. వాళ్లతో జోడీ కట్టవలసి వచ్చినప్పుడు ఇబ్బంది పడుతూ వేళ్ల చివర్లతో చొక్కా పట్టుకోవడం, కావాలని ఓడిపోవడం కూడా అమర్యాదే. ఆమె కూడా నేర్చుకోవడానికే వచ్చింది. బరువు, అనుభవం చూసి బలం తగ్గించుకో. నీ కన్నా తేలికైన అబ్బాయితోనూ చేయవలసింది అదే. పోటీలలో మగవారికి 60 కిలోల నుంచి 100 కిలోల పైదాకా ఏడు విభాగాలు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. చెయ్యి పొరపాటున తగలరాని చోట తగిలితే క్షమించమని ఒక్క మాట చెప్పి సాధన కొనసాగించు. వివరణలు ఇవ్వబోతే ఇద్దరికీ ఇబ్బంది పెరుగుతుంది. ఎవరైనా ఈరోజు నీతో రాండోరి చేయనంటే ఎందుకని అడగవద్దు. అడగకుండా ఎవరి సాధననూ ఫోనులో వీడియో తీయకు, తీసినా ఎక్కడా పెట్టకు. నిన్నగాక మొన్న నేర్చిన పట్టును జోడీకి సరిదిద్దే ఉత్సాహం కూడా తగ్గించుకో, ఆ పని కోచ్‌ది.

ఆడనని చెప్పే హక్కు నీకూ ఉంది. పై బెల్టువాడు కదా అని దెబ్బ తగిలేలా ఆడేవాడితో ఆడవలసిన అవసరం లేదు. "ఈరోజుకు చాలండి" అని వంగి నమస్కరించి పక్కకు రా. తప్పు చేసిన పిల్లవాడిని బలమైన సీనియర్లతో వరుసగా విసిరించి శిక్షించే కోచ్ ఎక్కడైనా కనిపిస్తే, ఆ తరగతి ఎంత పేరున్నదైనా సరే మానేయి. పౌరుషం నేర్పడానికే అలా చేస్తున్నామని చెప్పేవాళ్ల మాటను నేను ఒప్పుకోను.

చివరిగా, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరికో ఒకరికి దెబ్బ తగలక మానదు. అప్పుడు వెంటనే లేపి నిలబెట్టకు, కీలు తప్పితే లాగి సరిచేయబోకు, కోచ్‌ను పిలువు. మెడ పట్టులో స్పృహ తప్పినవాడు పట్టు వదలగానే సాధారణంగా కొన్ని సెకన్లలో తేరుకుంటాడు. అయినా ఆ రోజుకు అతని సాధన ముగిసినట్లే. తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. తలకు దెబ్బ తగిలి, ఒక్క క్షణం తికమకపడినా సరే, అతను బాగానే ఉన్నానంటూ మళ్లీ దిగబోతాడు. నువ్వు అతనితో ఆడనని చెప్పు. అతన్ని ఒంటరిగా బండి మీద పంపవద్దు. గదిలో ఉండేవాళ్లకో ఇంట్లోవాళ్లకో సంగతి తెలియజేయి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, తడబడే మాట, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరు సరేననే వరకు అతన్ని మ్యాట్ మీదికి రానివ్వవద్దని కోచ్‌గారికి కూడా చెప్పు. మీ హాలులో ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుందో, దగ్గరలో రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ఈ వారంలోనే కనుక్కుని నాకు జవాబు రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య