కీమో నడుస్తున్న ఇంట్లో పథ్యాలు, పలకరింపులు

ప్రశ్న: మేడమ్, నాకు 44 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఎడమ చంకలో గ్రంథులు కూడా తీశారు. మూడు వారాలకొకసారి కీమో, రెండు అయిపోయాయి. జబ్బు కన్నా ఇంట్లో సంగతులే ఎక్కువ టెన్షన్ పెడుతున్నాయి. మా అత్తయ్యగారు గుడ్డు, పెరుగు, వంకాయ అన్నీ మాన్పించి చారన్నం మీద ఉంచారు, నా కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. మా వారు ఏ పనీ ముట్టుకోనివ్వరు. పలకరించడానికి చుట్టాలు రోజూ వస్తూనే ఉన్నారు. నోరు పూసి కారం తగిలితే ప్రాణం పోతోంది. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి, వెళ్లొచ్చా?
తెనాలి నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ కంచం సంగతి. దాన్ని ఈ రోజే అందరి కంచాల్లో కలిపేయమనండి. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు, కలిసి తిన్నా, పక్కన పడుకున్నా, మనవల్ని ఎత్తుకున్నా ఎవరికీ రాదు. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, కీమో ఎక్కించిన తర్వాత రెండు రోజుల పాటు ఒంట్లోంచి మందు బయటికి పోతుంటుంది, కాబట్టి ఆ రెండు రోజులూ బాత్రూంలో రెండుసార్లు నీళ్లు కొట్టాలి, వాంతి తుడిచేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. ఎర్ర రంగు మందు ఎక్కించుకున్న వాళ్లకి మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అది రక్తమేమోనని హడలిపోకండి.

ఇక మిగతావన్నీ ఒక లెక్క తెలిస్తే తేలిపోతాయి. కీమో వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ నేను అందరికీ ఇదే చెప్పేదాన్ని: వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది చూడండి, దాని మీదే కీమో రోజుకి ఒకటి వేసి, అక్కడి నుంచి 21 దాకా రాసుకోండి. మొదటి నాలుగైదు రోజులు వికారం, నీరసం, ఏ పనీ పెట్టుకోవద్దు. 7 నుంచి 14 దాకా మనిషి తేరుకున్నట్టే కనిపిస్తుంది గానీ తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది దాదాపు అప్పుడే, చుట్టాల పలకరింపులు బంద్ పెట్టాల్సింది ఆ వారమే. మొహమాటపడకుండా మీ వారి చేత ఫోన్ చేయించండి, జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఏ వారంలోనైనా గడప దాటి లోపలికి రాకూడదు. మూడో వారం మీది, ఆ రోజుల్లో రమ్మనండి, కబుర్లు చెప్పుకోండి. పెళ్లి మూడో వారంలో పడితే డాక్టర్‌కి ఒక మాట చెప్పి మాస్క్ పెట్టుకుని నిక్షేపంగా వెళ్లండి, వేడి వేడిగా వడ్డించినవి తినండి, కోసి పెట్టిన పళ్లు, ఐసు వేసిన జ్యూసులు వద్దు. రెండో వారంలో పడితే మాత్రం తప్పకుండా అడిగే వెళ్లండి, పెళ్లి కోసమని కీమో తేదీ మీ అంతట మీరు మార్చుకోవద్దు.

థర్మామీటర్ మంచం పక్కనే ఉండాలి. 100.4 చూపించిందంటే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి, పారాసిటమాల్ వేసుకుని పొద్దున చూద్దామని పడుకోకూడదు, ఎందుకంటే కణాలు పడిపోయిన ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. అక్కడికి వెళ్లగానే కౌంటర్‌లో చెప్పాల్సిన మొదటి మాట "కీమో నడుస్తోంది, ఇది ఫలానా రోజు" అని.

పథ్యం విషయంలో నాకు నిజంగా బాధేస్తుంది. చారన్నంతో ఒంట్లో కండ ఎక్కడ నిలుస్తుంది? బాగా ఉడికించిన గుడ్డు, పప్పు, చేప, కోడి, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు, మీ డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప అన్నీ తినాలి, వంకాయకీ క్యాన్సర్‌కీ ఏ సంబంధమూ లేదు. మానాల్సినవి సగం ఉడికిన ఆమ్లెట్, పచ్చి మొలకలు, బండి మీద చెరకు రసం లాంటివి. ఎవరో తెచ్చిచ్చే పసర్లు, ఆకు రసాలు డాక్టర్‌కి చెప్పకుండా తాగొద్దు, కొన్ని కీమో మందు పనిని చెడగొడతాయి. అత్తయ్యగారితో మీరు వాదించొద్దు, ఈసారి ఆసుపత్రికి ఆవిడనే తోడు తీసుకెళ్లి, ఏం పెట్టాలో డాక్టర్ నోటే చెప్పించండి. ఆవిడకీ భయమే కదా, ఏం చేయాలో తెలిస్తే వండి పెట్టేది ఆవిడే.

నోటిపూతకి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంట సోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించండి, చిన్నపిల్లల మెత్తటి బ్రష్ వాడండి. మంట పుట్టించే మౌత్‌వాష్ వద్దు, ఆవకాయ కొన్నాళ్లు ఆగాలి. సగ్గుబియ్యం జావ, మెత్తటి పెరుగన్నం, ముద్దపప్పు నెయ్యి దిగుతాయి. మంచినీళ్లు కూడా మింగలేకపోతుంటే వెంటనే ఆసుపత్రికి చెప్పాలి.

మీ వారికి చెప్పండి, రోజూ కాస్త నడిస్తేనే కీమో నీరసం తగ్గుతుంది, మంచం మీదే ఉంటే పెరుగుతుంది. బిందెలు, గ్యాస్ బండ ఆయనవి, కూరలు తరుక్కోవడం, బట్టలు మడతపెట్టడం మీవి. ఎడమ చేతికి బీపీ పట్టీ, ఇంజెక్షన్, రక్తం తీయడం వద్దని ప్రతిసారీ మీరే గుర్తుచేయండి. బిగుతు గాజులు వద్దు. అలాగని చెయ్యి కదపకుండా ఉంచితే భుజం పట్టేస్తుంది, ఫిజియో నేర్పిన వ్యాయామాలు మానకండి.

ప్రశ్న: మా నాన్నగారికి బుగ్గ లోపల క్యాన్సర్. వచ్చే వారం నుంచి ఆరు వారాలు విశాఖలో రేడియేషన్. ఆముదాలవలస నుంచి రోజూ రైల్లో తిరగొచ్చా? ఖర్చెలా?
శ్రీకాకుళం నుంచి ఒక అబ్బాయి

జవాబు: రోజూ తిప్పకు నాన్నా. మూడో వారం నుంచి నోరంతా పచ్చిపుండవుతుంది, ఆ మనిషి ప్రయాణం చేయలేడు. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉంటారు, తక్కువ ఖర్చులో బస సంగతి వాళ్లనే అడుగు. రేడియేషన్ మామూలుగా వారానికి ఐదు రోజులే కాబట్టి శని, ఆదివారాలు ఓపికుంటే ఇంటికి తీసుకెళ్లు. ఆసుపత్రి ఇచ్చే రాయితీ ఫారం రిజర్వేషన్ కౌంటర్‌లో ఇస్తే స్లీపర్, థర్డ్ ఏసీల్లో నాన్నగారికి ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి అయితే దువ్వాడలో దిగితే దగ్గర.

రేడియేషన్ మొదలుకాక ముందే పళ్ల డాక్టర్‌కి చూపించారా? పాడైన పన్ను ఉంటే ఇప్పుడే తీయించాలి, ఆ తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టం. గుట్కా, ఖైనీ, చుట్ట ఏదున్నా ఈ రోజుతో బంద్. వారానికోసారి బరువు చూసి రాసి పెట్టు, తగ్గిపోతుంటే డాక్టర్లు ముక్కులోంచి గొట్టం పెట్టి జావ, పాలు పోద్దామంటారు. చాలామంది అది చివరి దశని భయపడి వద్దంటారు. కాదు, అది కొన్ని వారాలకే, నోరు మానగానే తీసేస్తారు.