ఫ్యాను ఆపి తీయి

చిరంజీవి సుధకు,

అత్త ఆశీస్సులు. నానమ్మ కుట్టుపనిని చిన్న చిన్న వీడియోలుగా తీసి, ఫోన్లలో చూసేవాళ్లకు అందించాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వంగా ఉందో! నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే లేచి రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఫోను నిలువుగా పట్టుకో. లెన్సును మెత్తని గుడ్డతో తుడువు. మధ్యలో కాల్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. తెర మీద సూది కనిపించే చోట వేలితో కాసేపు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చెయ్యి, లేకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా బొమ్మ మసకబారుతుంది. అరచేతిలో ఇమిడే తెర మీద గదంతా చూపించాలనుకోకు. సూది, దారం, బొటనవేలు చాలు. కింది అంచున, కుడి పక్కన అక్షరాలూ గుర్తులూ వచ్చి కూర్చుంటాయి కాబట్టి చేతుల్ని తెర మధ్యలో ఉంచు. యూట్యూబ్ షార్ట్స్‌లో 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా పెట్టనిస్తున్నారు. ఇచ్చారు కదా అని నింపకు. ఒక కుట్టుకు ఒక వీడియో.

ఇక అసలు సంగతి.

నేను టేపు కెమెరాతో పనిచేసే రోజుల్లో ఒక ముసలి వడ్రంగిని చిత్రీకరించాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆయన చిత్రిక పడుతుంటే చెక్క చుట్టలు చుట్టలుగా లేచి బంగారంలా మెరుస్తోంది. ఆ మెరుపు చూసి మైమరచిపోయాను. కెమెరా ఎనిమిది అడుగుల దూరంలో ఉంది, మైకు దానికే ఉంది, నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న తన చేతి మీద చెయ్యి వేసి ఉలి పట్టించిన రోజు గురించి చెబుతూ ఆయన ఆగిపోయాడు. ఉలి అంచు మీద బొటనవేలు మెల్లగా ఆనించి, చాలాసేపటికి మళ్లీ మాట అందుకున్నాడు.

ఇంటికొచ్చి వింటే అంతా ఫ్యాను హోరు. ఆయన గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టుంది. మర్నాడు పరుగెత్తుకుంటూ వెళ్లాను. "నిన్ననే చెప్పాను కదమ్మా" అన్నాడు. నా మొహం చూసి జాలిపడి మళ్లీ చెప్పాడు, రెండు ముక్కల్లో. ఎక్కడా ఆగలేదు. ఉలి వైపు చూడనే లేదు. ఆ వీడియోను అందరూ బాగుందన్నారు. నేను మాత్రం ఈనాటికీ దాన్ని పూర్తిగా చూడలేను.

చాలామంది శబ్దం ఆపుకుని చూస్తారు కదా అత్తా అంటావు. అలాంటివాళ్ల కోసం మాటలు అక్షరాల్లో వెయ్యి, తప్పకుండా వెయ్యి. కానీ ఆయన ఆగిన ఆ క్షణాన్ని ఏ అక్షరాల్లో వేస్తావు? మైకు రెట్టింపు దూరం జరిగితే గొంతు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాను హోరు మాత్రం ఉన్నంతా ఉంటుంది. తర్వాత కంప్యూటర్‌లో హోరు తగ్గించబోతే గొంతు కూడా దెబ్బతింటుంది. చిన్న కాలరు మైకు నానమ్మ పమిటకు పెట్టు, గొంతుకు జానెడు దూరంలో. ముందు అర నిమిషం తీసి ఇయర్‌ఫోన్స్‌తో విను. అంతా అయ్యాక, ఆమె లేవకముందే మళ్లీ విను. బద్ధకించావో, ఊరుకోను.

ఇంత కోప్పడుతున్నానని నొచ్చుకోకు. ఈ ఇంట్లో మా అమ్మ పనిని తీయాలన్న ఆలోచన నీకే వచ్చింది. కెమెరా పట్టుకుని అన్నేళ్లు తిరిగాను, నాకు రాలేదు.

ఫ్యాను ఆపితే ఉక్కపోస్తోందని విసుక్కుంటుంది. ఐదు నిమిషాలు తీసి, మళ్లీ వేసి, కాసేపు ఆగి తీయి. గొలుసు కుట్టు వేసేటప్పుడు అమ్మ పెదవులు కదిలీ కదలకుండా పోగులు లెక్కపెట్టుకుంటుంది, గమనించావా? నాకు ఆ లెక్క వినపడాలి.

నీ అత్త