ఐడెంటిటీఐక్యూ లోపం: ప్యాచ్ పడ్డాక మిగిలే పని

ప్రశ్న: మా టీమ్ ఒక విదేశీ క్లయింటు తాలూకు సెయిల్‌పాయింట్ ఐడెంటిటీఐక్యూ (ఏ ఉద్యోగికి ఏ సిస్టమ్‌లో ఏ హక్కులుండాలో నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది. వెర్షన్ 8.3పీ4, అంటే 8.3కి నాలుగో ప్యాచ్. అందులో ఏదో యాక్సెస్ కంట్రోల్ లోపానికి తీవ్రతలో 10కి 10 స్కోరు ఇచ్చారని మేనేజర్ కంగారుపెడుతున్నారు. స్టాటిక్ ఫైళ్లు కనబడితే అంత కొంప మునిగేదేముందండీ? పైగా మాది వీపీఎన్ వెనకే ఉంది. – ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: కంగారులో అర్థముంది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2024-10905. 2024 డిసెంబరులో బయటికొచ్చింది. 8.4లో పీ2కి ముందువి, 8.3లో పీ5కి ముందువి, 8.2లో పీ8కి ముందువి, అంతకన్నా పాత వెర్షన్లన్నీ దీని కిందికి వస్తాయి. మీ పీ4 కూడా అందులో ఉన్నట్టే.

స్టాటిక్ అనగానే లోగోలు, సీఎస్ఎస్ అనుకోకండి. అప్లికేషన్ డైరెక్టరీలో దాచి ఉంచాల్సిన ఫైళ్లు హెచ్‌టీటీపీ మీద బయటికి రావడం ఇక్కడి లోపం. ఆ డైరెక్టరీలో ఏమున్నాయో మీ సర్వర్ మీదే చూడండి. వెబ్-ఇన్ఫ్ (WEB-INF, అప్లికేషన్ లోపలి ఫైళ్లుండే ఫోల్డరు)లో క్లాసెస్ ఫోల్డరు తెరిస్తే ఐఐక్యూ.ప్రాపర్టీస్ అనే సెట్టింగుల ఫైలు కనిపిస్తుంది. ఐఐక్యూ అంటే ఐడెంటిటీఐక్యూయే. డేటాబేస్ అడ్రసు, యూజర్ పేరు, ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డ్ అందులోనే ఉంటాయి. సొంత కీస్టోర్ (ఎన్‌క్రిప్షన్ కీలు దాచే ఫైలు) పెట్టుకుని, దాని చోటు మార్చకపోతే పక్కనే ఐఐక్యూ.డ్యాట్, ఐఐక్యూ.సీఎఫ్‌జీ కూడా ఉంటాయి. పాస్‌వర్డూ, దాన్ని విప్పే కీ ఒకే ఫోల్డరులో అన్నమాట.

వెబ్-ఇన్ఫ్‌ని టామ్‌క్యాట్ (ఐడెంటిటీఐక్యూని నడిపే వెబ్ సర్వర్) ఎవరికీ ఇవ్వదు కదా అని వాదించేవాళ్లున్నారు. నేరుగా అడిగితే ఇవ్వదు, నిజమే. అప్లికేషన్ కోడే ఫైలు తెరిచి అందిస్తే మాత్రం టామ్‌క్యాట్ కలగజేసుకోదు. అందుకే ఆ ఫోల్డరు మొత్తం ఎవరో చదివేసినట్టే లెక్కవేసుకోవడం మేలు.

వీపీఎన్ వల్ల బయటి గుంపు తగ్గుతుంది, అంతే. ఈ దాడికి ఐడెంటిటీఐక్యూలో లాగిన్ అక్కర్లేదు. వీపీఎన్‌లోకి రాగలిగిన ఏ కాంట్రాక్టరు ల్యాప్‌టాప్ నుంచైనా జరగొచ్చు.

ప్రశ్న: ప్యాచ్ వేశాం, అబౌట్ పేజీలో కొత్త ప్యాచ్ లెవెల్ కనబడింది. తర్వాతి రిలీజ్ డిప్లాయ్ చేశాక చూస్తే మళ్లీ పాతదే! ఎక్కడ తప్పాం? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ప్యాచ్ సర్వర్ మీద పడింది, మీ బిల్డ్‌లో పడలేదు. ఎస్‌ఎస్‌బీ (సెయిల్‌పాయింట్ వారి సర్వీసెస్ స్టాండర్డ్ బిల్డ్) వాడేవాళ్లయితే ప్యాచ్ జార్ ఫైలును బేస్‌లోని ప్యాచ్ ఫోల్డరులో పెట్టి, బిల్డ్.ప్రాపర్టీస్‌లో ఐఐక్యూ ప్యాచ్ లెవెల్ మార్చాలి. లేదంటే ప్రతి డిప్లాయ్‌మెంట్‌తోనూ పాత వార్ ఫైలు (మొత్తం అప్లికేషన్ ప్యాకేజీ) వచ్చి కూర్చుంటుంది. డేటాబేస్ స్కీమా (టేబుళ్ల అమరిక) మాత్రం కొత్త లెవెల్లో ఉండిపోతుంది, అదింకో తలనొప్పి.

ప్యాచ్ వేసే వరుస ఇది. అన్ని నోడ్‌ల (ఐడెంటిటీఐక్యూ నడిచే ఒక్కో సర్వర్) మీదా టామ్‌క్యాట్ ఆపండి. డేటాబేస్‌కీ, వెబ్‌యాప్ ఫోల్డరుకీ బ్యాకప్ తీయండి. కొత్త ఫైళ్లు పరిచాక, వెబ్-ఇన్ఫ్ డేటాబేస్ ఫోల్డరులో ఆ ప్యాచ్‌కి వచ్చిన అప్‌గ్రేడ్ స్క్రిప్టు నడపండి. ఆపైన బిన్ ఫోల్డరు నుంచి ఐఐక్యూ ప్యాచ్ కమాండు ఇవ్వండి. స్క్రిప్టు, కమాండు ఒక్కసారి చాలు. ఫైళ్లు మాత్రం ప్రతి నోడ్‌కీ చేరాలి. యూజర్లు లాగిన్ అయ్యే యూఐ నోడ్‌లు చేసేసి, వెనక పనులు నడిపే టాస్క్ సర్వర్లను మరిచిపోవడం మామూలే.

ఇంకొక్కటి. గతంలో ఈ-ఫిక్స్‌లు (రెండు ప్యాచ్‌ల మధ్య విడిగా ఇచ్చే చిన్న సవరణలు) వేసి ఉంటే వాటి క్లాస్ ఫైళ్లు క్లాసెస్ ఫోల్డరులో మిగిలిపోయాయేమో చూడండి. లిబ్ ఫోల్డరులోని జార్ కన్నా ముందు జావా అక్కడి ఫైళ్లనే ఎత్తుకుంటుంది. అబౌట్ పేజీ కొత్త లెవెల్ చూపిస్తూనే ఉంటుంది, నడిచేది మాత్రం పాత కోడు.

ప్రశ్న: ఈలోగా ఎవరైనా ఫైళ్లు పట్టుకుపోయారో లేదో తెలిసేదెలా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్ ఉంటే కొంత తెలుస్తుంది. లోపం బయటపడిన తేదీ నుంచి కాదు, మీ దగ్గరున్న అతి పాత లాగ్ నుంచి మొదలుపెట్టండి. ప్రాపర్టీస్, ఎక్స్‌ఎంఎల్, డ్యాట్, సీఎఫ్‌జీ తోకలున్న రిక్వెస్టులు, యూఆర్‌ఎల్‌లో వెబ్-ఇన్ఫ్ పేరు, శాతం గుర్తుతో రాసిన చుక్కలు, స్లాష్‌లు (%2e, %2f) వెతకండి. జవాబు కోడు 302 వస్తే లాగిన్‌కి తిప్పి పంపినట్టే. 200 (ఇచ్చేశా అని అర్థం) వస్తే ఆ వరుస చివరనున్న బైట్ల సంఖ్యను సర్వర్ మీది ఫైలు సైజుతో పోల్చండి. కంప్రెషన్ లేనప్పుడు రెండూ కలిస్తే ఇక సందేహం అక్కర్లేదు. లోడ్ బ్యాలెన్సర్ వెనక ఉంటే లాగ్‌లో దాని ఐపీ ఒక్కటే కనబడుతుంది కాబట్టి బ్యాలెన్సర్ లాగ్ కూడా తెప్పించుకోండి.

లాగ్‌లో ఏమీ దొరకలేదని ఊరుకోవద్దు. ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత కీస్టోర్‌లో కొత్త కీ చేర్చి, ఎన్‌క్రిప్టెడ్ డేటా సింక్రనైజేషన్ టాస్క్ నడపండి. దాంతో అయిపోయిందనుకుంటారు చాలామంది. ఆ టాస్క్ ఐడెంటిటీఐక్యూ లోపల దాచిన పాత పాస్‌వర్డ్‌లనే కొత్త కీతో చుడుతుంది, పాస్‌వర్డ్‌లు అవే ఉంటాయి. యాక్టివ్ డైరెక్టరీ, శాప్, హెచ్‌ఆర్ సిస్టమ్ వంటివాటితో ఐడెంటిటీఐక్యూని కలిపే కనెక్టర్ల సర్వీస్ అకౌంట్ల పాస్‌వర్డ్‌లు ఆయా సిస్టముల్లోనే మార్చాలి. ఖాతాలు పుట్టించి, హక్కులిచ్చే శక్తి ఆ అకౌంట్లదే.

ప్రశ్న: మేమసలు కీస్టోరే పెట్టుకోలేదు. దొంగిలించడానికి కీ లేదు కదా, మేం క్షేమమేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: క్షేమం కాదు, ఇంకా ఇబ్బంది. సొంత కీ లేకపోతే ప్రొడక్ట్‌తోపాటు వచ్చే కీతోనే ఎన్‌క్రిప్షన్ జరుగుతుంది. ఆ కీ అందరికీ ఒకటే. ఐఐక్యూ.ప్రాపర్టీస్‌లో పాస్‌వర్డ్ విలువ చూడండి. 1 అంకె, దాని పక్కన కోలన్ (1:)తో మొదలైతే అది ఆ కీయే. 2 గానీ, ఆపై అంకె గానీ ఉంటే మీ కీస్టోర్‌ది.

ఐఐక్యూ కీస్టోర్ కమాండుతో సొంతది చేసుకోండి. వచ్చిన రెండు ఫైళ్లనూ వెబ్‌యాప్ బయట వేరే ఫోల్డరుకి మార్చి, టామ్‌క్యాట్ యూజర్‌కి మాత్రమే చదివే అనుమతి ఇవ్వండి. కొత్త చోటును ఐఐక్యూ.ప్రాపర్టీస్‌లో కీస్టోర్ ఫైలు, పాస్‌వర్డ్ ఫైలు సెట్టింగుల దగ్గర రాయాలి. అన్ని నోడ్‌లకూ ఒకే డ్యాట్ ఫైలు వెళ్లాలి. ఒక్క నోడ్‌లో పాతది మిగిలినా, అక్కడ నడిచిన అగ్రిగేషన్లు (ఇతర సిస్టముల నుంచి ఖాతాల వివరాలు లాగే పనులు) పాస్‌వర్డ్ విప్పలేక ఫెయిలవుతాయి.