4ఎస్ రిమోట్ విమానానికి ఏ బీఈసీ పెట్టాలి?

4ఎస్ (నాలుగు లిథియం సెల్స్ వరుసగా ఉన్న) బ్యాటరీ మీద నాలుగు డిజిటల్ సర్వోలూ (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) కలిపి తిప్పితే రిసీవర్ (రిమోట్ సంకేతాలు అందుకునే భాగం) ఆగి మళ్లీ ఆన్ అవుతోందన్నారు కదండీ, నా అనుమానం రిసీవర్ మీద కాదు. బీఈసీ అంటే బ్యాటరీ వోల్టేజీని దించి రిసీవర్‌కీ సర్వోలకీ కరెంటిచ్చే భాగం. మీ ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) ఉన్నది లీనియర్ బీఈసీ, అంటే అదనపు వోల్టేజీని వేడిగా పోగొట్టే రకం. నిండా ఛార్జ్ చేసిన 4ఎస్ అంటే 16.8 వోల్టులు. దాన్ని 5కి దించి 2 ఆంపియర్లు ఇవ్వాలంటే దాదాపు 24 వాట్లు వేడిగా పోవాలి. ఆ చిన్న చిప్ అంత తట్టుకోలేదు.

విడిగా స్విచింగ్ బీఈసీ (వేడి తక్కువగా పుట్టించే రకం) కొనండి. నిరంతరంగా 5 ఆంపియర్లు ఇచ్చేది కావాలి. ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో వేసే పీక్ (కాసేపు మాత్రమే ఇవ్వగలిగే గరిష్ఠ) అంకెను నమ్మొద్దు. బీఈసీని 6 వోల్టులకు మార్చే ముందు సర్వోల వోల్టేజీ రేటింగ్ చూసుకోండి.

ముఖ్యంగా, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్లే మూడు తీగల్లో ఎర్రదాని పిన్ను మాత్రం ప్లగ్‌లోంచి లాగేసి టేపు చుట్టండి. రెండు బీఈసీల కరెంటు ఒకేచోట కలవకూడదు. ప్రొపెల్లర్ తీసేసి, సర్వోలన్నీ ఒకేసారి ఆడించి చూశాకే ఎగరేయండి.